ఓడినవాడి పేరు

దొంగ అయితే కిటికీ అద్దాన్ని పట్టుకుపోతాడు. ఆకతాయి అయితే రాయి విసిరి పారిపోతాడు. పగిలిన అద్దం మీద నిలబడి, బూటు మడమతో దాన్ని ఉప్పులా నూరి మరీ వెళ్ళినవాడు ఈ రెండు రకాల్లో ఎందులోనూ చేరడు. డిటెక్టివ్ హాలినా మజూర్ ఆ మాటే మనసులో తిప్పుకుంటూ వెక్స్‌బరీ ఊరి పోలీసు గదిలో లవీనియా ట్రస్క్ ఎదుట కూర్చుంది.

లవీనియాకు యాభై దాటాయి. హార్ట్‌ఫర్డ్‌లో చరిత్ర పాఠాలు చెప్పుకునే నల్లజాతి మనిషి. పొద్దుటి నుంచి అదే కుర్చీలో, విప్పని కోటుతో, ఒళ్ళో చేతిసంచీతో నిటారుగా కూర్చుని ఉంది. ఈ ఊళ్ళో మూడేళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఒక పాత బడి చరిత్ర. ఈ దేశంలో లా కాలేజీలు అన్న మాటే సరిగ్గా పుట్టని రోజుల్లో జడ్జి థాడియస్ పెల్ తన ఇంటి పక్కన ఒంటిగది ఒకటి కట్టించి కుర్రాళ్ళకు న్యాయశాస్త్రం నేర్పాడు. ఆ గదికి శనివారం నాటికి రెండు వందల ఏళ్ళు నిండుతాయి. గవర్నరు వస్తున్నాడు, బ్యాండు మేళం వస్తోంది, జడ్జిగారి ముఖం అచ్చేసిన పింగాణీ పళ్ళేలు కూడా వచ్చేశాయి.

ఈ సంబరానికి ముందు లవీనియా ఒక పని చేసింది. బడి మూతపడ్డాక ఆ గది చాలాకాలం కోళ్ళగూడుగా ఉండేది. ఉత్తరపు కిటికీకి అప్పుడెప్పుడో కొట్టిన సున్నం అలాగే ఉండిపోయింది. అందులో ఒక అద్దం పైసగాన్ని ఆమె తడిగుడ్డతో తుడిచింది. గాజు మీద గీసిన పేరు బయటపడింది. టైటస్.

టైటస్ జడ్జిగారి బానిస. కనెక్టికట్ లాంటి ఉత్తరాది రాష్ట్రంలో బానిసలా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ బడిని చూసుకునే పెల్ ట్రస్టు అమ్మే పుస్తకాల్లో అతణ్ణి సేవకుడు అని రాశారు. సేవకుడికి జీతం ఉంటుంది, ఇష్టం లేకపోతే మానేసే వీలుంటుంది. ఇతనికి రెండూ లేవు. ఆ ముక్క అచ్చులో పెట్టడానికి ఇంతవరకు ఎవరికీ చెయ్యి రాలేదు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?" మజూర్ అడిగింది.

"చర్చిలో చిక్కుడుగింజల విందుకి వెళ్ళాను. ఏడింటికి అద్దెగదికి వచ్చేశాను. తర్వాత ఒక్కదాన్నే. అదేగా మీకు కావలసింది?"

"బడి తాళంచెవి?"

"రెండున్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి ట్రస్టు పెద్ద ఆల్డెన్ పెల్ దగ్గర. నాది మెడలోంచి తియ్యలేదు."

"కిటికీ పగిలింది మీ తాళంచెవితో వెళ్ళగలిగే గదిలో. బోస్టన్ నుంచి గాజు నిపుణుడు రావడానికి ముందు రాత్రే. ఆ పేరు మీరే గీసి, పట్టుబడతామని పగలగొట్టారని ట్రస్టు అంటోంది. మధ్యాహ్నం ఫిర్యాదు మీద సంతకం పెడతారట."

లవీనియా సంచీ పిడిని గట్టిగా పట్టుకుంది. యూనివర్సిటీ వాళ్ళు ఇప్పటికే ఫోన్ చేశారని, విషయం తేలేదాకా క్లాసులకు రావద్దన్నారని చెప్పింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం ఒక్క ఫోన్‌కాల్‌తో ఊగిపోతోంది. అయినా ఆమె గొంతులో భయం లేదు, మంట ఉంది.

"ఆఫీసరు గారూ, నేనే గీసుకుంటే తుడవడం సగంలో ఎందుకు ఆపుతాను? కింద సగం సున్నం అలాగే వదిలేశాను. గీతలు దెబ్బతింటాయేమోనని నిపుణుడి కోసం పది రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాను. దొంగసంతకం పెట్టేవాళ్ళు అంత ఓపిక పడతారా?"

గుమ్మం దగ్గర కాఫీ కలుపుతున్న కాన్‌స్టేబుల్ బార్ట్ వెనక్కి తిరిగాడు. అరవై ఏళ్ళవాడు, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. "ఇంతకీ కింద ఎవరి పేరుందమ్మా?" అని లవీనియాను అడిగాడు.

"తెలిస్తే చెప్పనా బార్ట్ గారూ."

మజూర్ తల తిప్పి అతని వంక చూసింది. పొద్దున హోటల్లో గుడ్లు వడ్డించిన అమ్మాయి కూడా ఇదే అడిగింది. పెట్రోలు పోసినవాడూ ఇదే అడిగాడు. ఎవరు పగలగొట్టారు, ఎందుకు పగలగొట్టారు అన్న ప్రశ్న ఒక్కళ్ళ నోటా రాలేదు. కింద ఎవరు అనే. న్యూ బ్రిటన్‌లో పోలిష్ వాడలో పెరిగిన మజూర్‌కి ఈ ఊరి గొడవ అంతుపట్టలేదు. సంగతేమిటని అడిగింది.

బార్ట్ చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. ఆ బడిలో ప్రతి సోమవారం ఉత్తుత్తి కోర్టు నడిచేది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్షం వాదించేవాళ్ళు. గెలిచినవాడు జడ్జిగారి వజ్రపుటుంగరం అందుకుని కిటికీ అద్దం మీద తన పేరు గీయాలి. పేరు కింద తను గెలుచుకున్నదేమిటో ఒక్క మాటలో గీయాలి. గుర్రం అనో, పిండిమర అనో, కంచె అనో. అన్నిటికన్నా అడుగున ఓడినవాడు తన పేరు తనే ఎడమచేత్తో గీసుకోవాలి. ఆ వంకర అక్షరాల కోసమే జనం టిక్కెట్టు కొని చూసేది. మా ముత్తాత తాత ఆవు వ్యాజ్యంలో ఓడిపోయాడని బార్ట్ గర్వంగా చెప్పుకున్నాడు. ఈ ఊళ్ళో అద్దం మీద పేరు చూస్తే ముందు చూపు పోయేది అడుగుకే.

"అంటే టైటస్ పేరు పైనుంటే అతను గెలిచాడన్నమాట."

"గెలిచాడు. ఎవరి మీదో ఒకరి మీద," అంది లవీనియా. "ఏ మంచు సోమవారమో ఒక కుర్రాడు రాకపోయి ఉంటాడు. నవ్వుకుందామని ఇతణ్ణి నిలబెట్టి ఉంటారు. నా ఊహ అంతే. కానీ నన్ను తొలిచేస్తున్నది వేరే ఉంది. పన్నెండేళ్ళు ఇంట్లో ఉంచుకున్న మనిషిని పదిహేడు వందల ఎనభై ఏడు వసంతంలో జడ్జి ఉన్నట్టుండి న్యూయార్క్ వాళ్ళకు అమ్మేశాడు. అప్పుల వల్ల అని ట్రస్టు అంటుంది. ఆయనకి అప్పుల్లేవు. ఎందుకు అమ్మాడు? నా మూడేళ్ళూ ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచాయి."

మజూర్ లేచింది. తాళంచెవి తనకిచ్చి, తనతో రమ్మని లవీనియాకు చెప్పింది. అనుమానితురాలిని ఘటనాస్థలానికి తీసుకెళ్ళడం పద్ధతి కాదని బార్ట్ నసిగాడు. ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదని, కాబట్టి ఇంకా ఎవరూ అనుమానితులు కాదని మజూర్ జవాబిచ్చింది.

బడిగదిలో అప్పటికే ఒక మనిషి తన ఇంట్లో ఉన్నంత ధీమాగా తిరుగుతున్నాడు. క్లైడ్ రెన్విక్. ఒకప్పుడు రాష్ట్ర పోలీసులో మజూర్‌కి పైఅధికారి. ఇప్పుడు బోస్టన్‌లో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుని, బాగా డబ్బున్నవాళ్ళ అనుమానాలను నిజాలుగా మార్చి ఇస్తుంటాడు. ట్రస్టు అతణ్ణి వారం కిందటే పిలిపించింది.

"రా అమ్మడూ, రా. ఆలస్యంగా రావడం నీకు పాత అలవాటే," అన్నాడు. "కేసు ముగిసింది. తాళం విరగలేదు, తాళంచెవి ఆవిడ మెడలో ఉంది, అబద్ధం బయటపడే గంటకి అద్దం పొడైంది. నువ్వు చెయ్యాల్సింది ఆవిడకి బేడీలు తొడగడమే."

"అద్దం పగిలింది నిన్న రాత్రి. ఆల్డెన్ పెల్ నిన్ను పిలిచింది వారం కిందట. పగలబోతుందని ఆయనకి కల వచ్చిందా?"

"దొంగసంతకం సంగతి తేల్చడానికి పిలిచాడు. నువ్వు మాటలు మెలిపెట్టకు."

"వారం రోజుల్లో ఏం తేల్చావు?"

"ఒక బానిస లాయర్ల బళ్ళో పేరు గీయడని తేల్చాను. దానికి వారం కూడా అక్కర్లేదు."

మజూర్‌కి ఒళ్ళు మండింది. ఇలాంటి తీర్పు చెప్పడానికి ఈ మనిషి రోజుకింత పుచ్చుకుంటున్నాడు, ఆ పేరు దొరికించుకున్న మనిషి మాత్రం పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా అడగకుండా కూర్చుంది. ఆ కోపం నేల మీద చూపించడం మేలనుకుని మజూర్ మోకాళ్ళ మీద వంగింది.

గాజుపొడి కిటికీ కింద గుప్పెడు కుప్పగా ఉంది. మనిషి ఎంత ఓపిగ్గా నూరాడో తెలుస్తూనే ఉంది. ఒక్క అక్షరం ముక్క కూడా మిగలకూడదన్న పంతం అది. కానీ పాత చెక్కనేలలో పలకకీ పలకకీ మధ్య సందులుంటాయి. మజూర్ జేబులోంచి చిన్న చిమటా తీసి గోడవారనున్న సందులోకి దించింది. బొటనవేలంత గాజుముక్క నిలువుగా జారి ఇరుక్కుని ఉంది. దాన్ని పైకి లాగింది. ఒక పక్క తెల్లగా పూత ఉంది. వేలితో రాస్తే జిడ్డుగా అంటింది. ఏనాటిదో కోళ్ళగూటి సున్నమైతే పొడిగా రాలాలి.

ఆమె లేచి కిటికీ ముందు నిలబడింది. పక్క అద్దాల్లో సున్నం రాలిపోయిన చోటు నుంచి బయటి చెక్క కంచెను చూసింది. కంచె నీళ్ళలో నీడలా వంకర్లు పోతూ కనిపించింది. తర్వాత చిమటాతో పట్టుకున్న ముక్కను శుభ్రంగా తుడిచి కంటికి ఆనించి అదే కంచెను చూసింది. కంచె తిన్నగా, కొట్టు నుంచి నిన్న తెచ్చినట్టుగా కనిపించింది.

"లవీనియా గారూ, మీరు తుడిచిన అద్దంలోంచి బయటికి చూస్తే ఎలా ఉండేది?"

"అన్నిటికన్నా అధ్వానం. ఆ చెట్టు నడుం విరిగినట్టు కనబడేది. ఫోటోలో కూడా ఉంది చూడండి."

ఆమె సంచీలోంచి ఫోటో తీసింది. టైటస్ అన్న పేరు వెనక మేపుల్ చెట్టు మానుకి నిజంగానే నడుం విరిగింది. మజూర్ చౌకట్టు అంచుని బొటనవేలితో నొక్కింది. అద్దాన్ని పట్టి ఉంచే లప్పం మిగతా అన్నిచోట్లా రాయిలా ఉంది. ఇక్కడ మాత్రం వేలిముద్ర పడింది.

"ఇటు చూడు రెన్విక్. లప్పం నిన్నటిది, పూత నిన్నటిది, గాజు కొట్టులోది, పాత గాజైతే వంకరగా చూపించాలి. పాత అద్దాన్ని తీరిగ్గా ఊడదీసి, కొత్తది బిగించి, దాన్ని పగలగొట్టి నూరారు. మెడలో తాళంచెవి ఉన్న మనిషికి ఇంత నాటకం దేనికి? పగలగొట్టాలనుకుంటే అసలుదాన్నే పగలగొట్టేది."

రెన్విక్ ఆ ముక్కను తీసుకుని తనూ కంచెను చూశాడు. చాలాసేపు చూశాడు. పాతకాలపు మరమ్మతులేమో అని గొణిగాడు గానీ ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

"ఒక్కటి చెప్పు," అంది మజూర్. "వారం రోజుల్లో ఆల్డెన్ పెల్ నీతో ఎన్నిసార్లు మాట్లాడాడు?"

"పూటపూటా మాట్లాడాడు. దేనికి?"

"అద్దం అడుగున ఎవరి పేరుండొచ్చని ఒక్కసారైనా అన్నాడా?"

"అడుగునా? అడుగున పేరేమిటి?" రెన్విక్ ముఖంలో నిజంగానే ఏమీ లేదు. బోస్టన్ మనిషికి ఈ ఊరి ముచ్చట తెలియదు. అతనికి ఎవరూ చెప్పలేదు.

మజూర్ గుమ్మం దాటి పచ్చిక మీద నడవడం మొదలుపెట్టింది, మిగతా ఇద్దరూ ఆమె వెంట కదిలారు. పొద్దున ఏడున్నరకి ఆల్డెన్ పెల్ స్వయంగా పోలీసు గదికి వచ్చి అరగంట మాట్లాడాడు. వంశం పరువన్నాడు, గవర్నరన్నాడు, దేశచరిత్రన్నాడు. హోటల్ పిల్ల అడిగింది, పెట్రోలు వాడు అడిగాడు, ఆవు వ్యాజ్యంలో ఓడినవాడి మనవడు అడిగాడు. ఏటా వేసవిలో ఆ కిటికీల ముందు నిలబడి ఓడినవాళ్ళ వంకర పేర్లు చదివి జనాన్ని నవ్వించే పెద్దమనిషి మాత్రం అడగలేదు. తెలియనివాళ్ళే అడుగుతారు.

పెల్‌వారి ఇల్లు బడి పక్కనే. ఆల్డెన్ వాళ్ళను హాల్లో నిలబడే పలకరించాడు. డెబ్బై ఏళ్ళ సన్నటి పొడవాటి మనిషి. వెనక పొయ్యిగూడు, ముందు రాతిపలక, పైన గోడ మీద జడ్జిగారి చిత్రపటం. లవీనియాను చూడగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈమెను మా ఇంట్లోకి ఎందుకు తెచ్చారు?"

"ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోతాం మిస్టర్ పెల్. ఎవరు ఓడిపోయారు?"

మజూర్ గాజుముక్క చూపించింది, లప్పం సంగతి చెప్పింది, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో గుర్తుచేసింది. ఆపైన, వెక్స్‌బరీలో ఊరంతా అడిగిన మాట ఆయనొక్కడే ఎందుకు అడగలేదో చెప్పమంది.

"మిస్టర్ పెల్, ఇక మీరు నోరు విప్పకండి," అన్నాడు రెన్విక్ అలవాటుగా.

"నువ్వూరుకోవయ్యా," ఆల్డెన్ విసుక్కున్నాడు. "నా ఇంట్లో నాకు ఒకరు చెప్పేదేమిటి?"

"పారేసి ఉండరు," లవీనియా మెల్లగా అంది. "వీళ్ళ కొట్టంలో నేను మూడేళ్ళు తిరిగాను. చెవి విరిగిన కప్పు, చక్రం లేని బగ్గీ, ముత్తవ్వ ఊడిన పళ్ళ సెట్టు, అన్నీ భద్రంగా ఉన్నాయి. పాతది పారేయడం ఈ వంశంలో ఇంటావంటా లేదు. పైగా అద్దం మీద ఉన్నది వీళ్ళ రక్తమే అయితే అసలు పారేయరు."

ఆల్డెన్, ఇక దాచి లాభం లేదనుకున్నాడో, తన పాపాన్ని కూడా దర్జాగానే చూపించాలనుకున్నాడో, కిటికీ కింద దుప్పట్ల పెట్టె తెరిచాడు. ఫ్లానెల్ గుడ్డ మడతలు విప్పి అద్దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. కింద సగం శుభ్రంగా తుడిచి ఉంది. ఎంతో జాగ్రత్తగా తుడిచాడు. అంత శ్రద్ధగా తుడిచి ఆ గీతలు చదివినవాడే, లవీనియా దొంగ అని పొద్దున ఏడున్నరకి వచ్చి చెప్పాడు.

"సుత్తి తెచ్చుకున్నాను," అన్నాడు ఆల్డెన్. "చెయ్యి రాలేదు. ఇది ఆయన సొంత చేతి గీత. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శనివారం గడిచాక చూద్దామనుకున్నాను."

"శనివారం నాటికి ఈవిడ జైల్లో ఉండేది," అంది మజూర్. "అద్దం బల్ల మీద పెట్టండి."

అతను పెట్టలేదు. పొయ్యిగూటి వైపు ఒకడుగు వేశాడు. గోడ మీది పటాన్ని చూశాడు. పన్నెండు తరాల పేరు ఒక పనివాడి కింద గీసి ఉండగా తను చూస్తూ ఊరుకోలేనని అన్నాడు. ఆ మాట అంటూనే రెండు చేతులూ వదిలేశాడు.

మజూర్ దూకింది గానీ దూరం చాలలేదు. రాతిపలకకి జానెడు ఎత్తులో రెన్విక్ అద్దాన్ని పట్టుకున్నాడు. బోర్లా పడి, రెండు అరచేతులూ చాచి పట్టుకున్నాడు. అంచు అతని చేతిని కోసేసింది. రక్తం మణికట్టు దాకా కారింది. అయినా వదల్లేదు. మోకాళ్ళ మీద లేచి ఆల్డెన్ వంక చూసిన చూపులో పాత పోలీసు కనిపించాడు.

"వారం రోజులు నాతో ఒక అమాయకురాలి మీద కేసు కట్టించావు," అన్నాడు. "అడుగున పేరుంటుందని ఒక్క మాట చెప్పలేదు. హాలినా, ఫిర్యాదు నా కోటు జేబులో ఉంది, నువ్వే తీసి చింపేయ్. నా చేతులు ఖాళీ లేవు."

మజూర్ ఆ కాగితాన్ని చింపలేదు. సాక్ష్యం కాబట్టి మడిచి తన జేబులో పెట్టుకుంది. తర్వాత ఆల్డెన్ మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. లవీనియా రెన్విక్ ఎదురుగా నేల మీదే కూర్చుని, అతని చేతుల్లోని అద్దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పుకుంది.

పైన, తను పది రోజుల కిందట చూసిన పేరు. టైటస్. అడుగున, తాగినవాడు గీసినట్టు ఎడమచేతి వంకర అక్షరాలు. థాడియస్ పెల్. ఓడిపోయింది ఏ విద్యార్థో కాదు, ఏ కొడుకో కాదు. జడ్జిగారే ఎదురుపక్షం వాదించి ఓడిపోయాడు. ఓడి, ఆనవాయితీ ప్రకారం తన ఉంగరంతో తనే ఒప్పుకుని గీశాడు.

రెంటికీ నడుమ గెలుచుకున్నదేమిటో చెప్పే మాట ఉండాలి. బడిలోని మిగతా అద్దాల మీద గుర్రం, మర, కంచె, ఆవు. ఇక్కడున్న మాట మిగతావాటికన్నా లోతుగా ఉంది. ఒకే గీతను రెండేసిసార్లు లాగాడు.

లవీనియా దాన్ని పైకే చదివింది. "నేను."

రెన్విక్ చేతి నుంచి ఒక చుక్క రాతి మీద పడింది.

"అది ఆట," అన్నాడు ఆల్డెన్ కుర్చీలోంచి. "ఉత్తుత్తి కోర్టు. అందులో తీర్పుకి విలువేముంటుంది?"

"ఈ మూడు వేసవుల్లో మీరు జనానికి చెప్పేది నేను ముప్ఫైసార్లు విన్నాను," అంది లవీనియా తలెత్తకుండానే. "ఓడినవాడు ఎడమచేత్తో పేరు గీశాక అది ఇంక ఆట కాదని, పెల్‌వారు ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదని చెబుతారు."

ఆల్డెన్ పటం వైపు చూశాడు, తర్వాత నేలవైపు చూశాడు. మజూర్ అతణ్ణి లేవమంది. అతను లేచాడు.

లవీనియా మాత్రం ఇంకా ఆ నడిమి మాట మీదే వేలు ఉంచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం క్లాసులో పాఠం చెప్పినట్టే ఉంది.

"జడ్జి ఎందుకు అమ్మాడా అని మూడేళ్ళు వెతికాను ఆఫీసరు గారూ. ఇతను గెలిచాడు. అందుకే అమ్మేశాడు."